నాటకంలో బొట్టు, ఒడ్డు మీద మొగుడు

వేదిక మీద మా నలుగురినీ వరుసగా కూర్చోబెట్టి, మెడలో తలా ఒక బంతిపూల దండ వేసి, నటన అంటే ఏమిటో చెప్పమన్నారు. ఎనభైల చివర్లో మాట. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పాత హాలు. "నటీనటులతో ఇష్టాగోష్ఠి" అని గుడ్డ మీద రాయించి మా వెనక కట్టారు. ఆ గుడ్డ సముద్రపు గాలికి ఎగిరి ఎగిరి మా నెత్తిన కొడుతూనే ఉంది.

నా కుడిపక్కన పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు వేసిన పెద్దాయన. వేసి వేసి, మడత కుర్చీలో కూడా సింహాసనం మీద కూర్చున్నట్టే కూర్చునేవాడు. ఆయన పక్కన రేడియో నాటకాల్లో నటించే ఆవిడ. నా ఎడమపక్కన సినిమాల్లో పోలీసు ఇన్‌స్పెక్టరు వేషాలు వేసే ఆయన. దీపాలే సరిగ్గా వెలగని ఆ హాల్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని, ఎదురుగా ఎవరున్నారో కనిపించక అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టాడు. ప్రశ్నలు అడగడానికి ఒక లెక్చరరు గారు. ప్రశ్న ఆయనే అడిగేవాడు, జవాబు కూడా ఆయనే చెప్పేవాడు, ఆఖర్న "అంతేనంటారా?" అని మా వంక చూసేవాడు. మేము తలలు ఊపేవాళ్ళం.

మొదట ఏడుపు గురించి అడిగాడు. పాత్ర కోసం కన్నీళ్ళు ఎలా తెప్పిస్తారు అని.

పెద్దాయన గొంతు సవరించుకొని, "మేం రాగంలో ఏడ్చేవాళ్ళం. ఇప్పటివాళ్ళు ముక్కుతో ఏడుస్తున్నారు" అని, ఉదాహరణకి ఒక పద్యం ఎత్తుకున్నాడు. ఆ రాగం దిగివచ్చేలోపు మా కాఫీలు చల్లారిపోయాయి. రేడియో ఆవిడ, "నాకు గొంతు ఒక్కటే ఏడవాలండీ. కళ్ళు ఏడిస్తే చేతిలో కాగితం కనబడదు" అంది. చప్పుడు కాకుండా పేజీ తిప్పుతూ వెక్కిళ్ళు పెట్టడం ఎలాగో చేసి కూడా చూపించింది. నాకు ముచ్చటేసింది. సినిమా ఆయన, "గ్లిజరిన్ ఉందిగా. అయినా నాకు ఆ అవసరమే రాలేదు. నేను ఆఖరి సీన్లో వస్తాను. అప్పటికి ఏడవాల్సినవాళ్ళంతా ఏడ్చేసి ఉంటారు. బేడీలు వేసి తీసుకుపోవడమే నా పని" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆయన మాత్రం కళ్ళద్దాలు తియ్యలేదు.

నా వంతు వచ్చేసరికి లెక్చరరు గారు ప్రశ్న మార్చేశాడు. నాటకానికీ జీవితానికీ తేడా ఏమిటి అని అడిగి, జీవితమే నాటకమనీ, మనమంతా పాత్రధారులమనీ, తెర ఎప్పుడో ఒకప్పుడు పడక తప్పదనీ తనే చెప్పుకుపోయి, "అంతేనంటారా అమ్మా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "కాదండీ" అన్నాను. ఆయన ఉలిక్కిపడి మైకు నా చేతికి ఇచ్చాడు. ఇచ్చిన మరుక్షణం కరెంటు పోయింది. చీకట్లోనే వందన సమర్పణ చేసేసి అందరినీ ఇళ్ళకి పంపేశారు. అలా నా జవాబు నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఇప్పుడు ఇక్కడ చెప్తాను.

మాది చేపలు పట్టేవాళ్ళ పేట. మగవాళ్ళు తెల్లవారకముందే గంగ మీదికి, అంటే సముద్రం మీదికి, వేటకి వెళ్తారు, మేం గంప నెత్తిన పెట్టుకొని అమ్ముకొస్తాం. నేను మా మేనత్త కొడుకునే చేసుకున్నాను. అందుకని నా మొగుడు నాకు పుట్టుకతోనే బావ, మా అత్త పుట్టుకతోనే అత్త. కొత్తగా వచ్చిన కోడలైతే అత్తగారు కొన్నాళ్ళు మొహమాటపడుతుంది. మా అత్తకి ఆ బాధ లేదు. నేను ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచే నన్ను తిట్టడం అలవాటు చేసుకుంది.

డెబ్భైల్లో మా ఊళ్ళో నాటకాల పిచ్చి మామూలుగా ఉండేది కాదు. ఓడరేవులో పనిచేసే గుమాస్తాలకి ఒక సమాజం, బ్యాంకు వాళ్ళకి ఒకటి, రైలు వాళ్ళకి ఒకటి. అందరికీ వేషాలు వేసే మగవాళ్ళు కావలసినంతమంది ఉండేవారు. ఆడవాళ్ళే దొరికేవారు కాదు. ఓడరేవు సమాజాన్ని నడిపే పెద్దమనిషి గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. రచన ఆయనదే, దర్శకత్వం ఆయనదే, కథానాయకుడి వేషం కూడా ఆయనదే. పడే చివాట్లు మాత్రం మాకు వదిలేసేవాడు. ఆయన మా దగ్గర చేపలు కొనడానికి వచ్చేవాడు, కొనేముందు ప్రతిసారీ గోదావరి పులసని తలుచుకొని నిట్టూర్చేవాడు. వంజరం చూపిస్తే "పులస రుచి రాదమ్మా" అనేవాడు. చందువా చూపించినా అదే మాట. ఒకరోజు నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అయితే మద్దిలపాలెం ఎల్లి బస్సెక్కి మీ గోదారికే పో బాబూ! ఇక్కడేటి సేత్తన్నావ్? మా గంగలో పుట్టిన సేపలకి వంకలెట్టడానికి వొచ్చావా?" అని గంప మీద చెయ్యి వేసి అరిచాను. బజారు ఆ చివర మాంసం కొట్టేవాడు కత్తి ఆపి చూశాడు.

ఆయనకి కోపం రాలేదు. కళ్ళు చెమర్చాయి. "ఇంకోసారి తిట్టమ్మా" అన్నాడు. ధర తగ్గించడానికి ఇదో కొత్త ఎత్తు అనుకున్నాను. కాదట. ఆఖరి వరుస దాకా వినిపించే ఆడగొంతు కోసం ఆయన చాలాకాలంగా వెతుకుతున్నాడట. అలా నేను నటినయ్యాను. నటి కావాలని కలలు కన్నానని, చిన్నప్పుడు అద్దం ముందు నిలబడేదాన్నని ఎవరైనా చెప్తే నాకు కొంచెం అసూయగా ఉంటుంది. మా ఇంట్లో అద్దం పగిలిన ముక్క ఒకటే ఉండేది, అందులో ఒక కన్ను మాత్రమే కనిపించేది.

మొదటి ఒకటి రెండు నాటకాల్లో పనిమనిషిగా, పొరుగింటావిడగా చేశాను. "ఏటి" అనకుండా "ఏమిటి" అనడం నేర్చుకున్నాను. వేదిక దిగగానే మళ్ళీ "ఏటి" అనకపోతే నోరు ఎండిపోయినట్టుండేది. నిజం చెప్తున్నాను, ఆ పని నాకు పిచ్చిగా నచ్చింది. ఎండలో గంప మోసి, కూరగాయల వాళ్ళతో గొడవపడి, సాయంత్రం రిహార్సల్ గదిలోకి అడుగుపెట్టగానే ఒంట్లో నలత ఎటు పోయేదో తెలిసేది కాదు. అంతమంది గుమాస్తాలు కాగితాలు పట్టుకొని నేను ఏం మాట్లాడతానా అని చూసేవాళ్ళు. ఇంట్లో నేను మాట్లాడితే కోడి కూడా తిరిగి చూసేది కాదు.

ఆ తర్వాత ఆయన నా కోసమే ఒక నాటకం రాశానన్నాడు. కథ వినిపించాడు. బెస్తవాడైన భర్త వేటకి వెళ్ళి తిరిగిరాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి భార్య బొట్టు చెరిపేస్తారు. ఆఖరి రంగంలో చదువుకున్న ఆదర్శ యువకుడు వస్తాడు. ఆ యువకుడు ఎవరో వేరే చెప్పక్కర్లేదు, అప్పటికే ఆయనకి పొట్ట వచ్చేసింది. వచ్చి, "బోసిపోయిన ఈ నుదుటిని చూడండి" అని సమాజాన్ని కడిగేసి, తన చేత్తో ఆమెకి కుంకుమ పెడతాడు. తెర పడుతుంది. నాటకంలో భర్త అసలు కనబడడు. మొదటి రంగంలో తెర వెనక నుంచి "వెళ్ళొస్తానే" అని ఒక గొంతు వినిపిస్తుంది, అంతే. ఆ గొంతు మాకు మాటలు అందించే ప్రాంప్టరుది.

ఈ కథ మా అత్త చెవిన పడింది. ఆవిడ చేతిలో చేప జారి ఇసుకలో పడింది.

"ఏటీ? ఆడు గంగలో పోయినట్టు నువ్వు బొట్టు సెరుపుకుంటావా? నా కొడుకు అక్కడ గంగ మీదుంటే, నువ్విక్కడ లైట్లేసుకుని ముండమోత్తావా?"

ఆవిడ కోపాన్ని నేను తప్పు పట్టలేను. వేటకి వెళ్ళిన మనిషి ఒడ్డుకి వచ్చేదాకా మా ఇంట్లో ఆడది బొట్టు చెదరనివ్వదు. ముఖం కడుక్కున్నా నుదురు తప్పించి కడుక్కుంటాం. పైగా మా మావ, అంటే మా అత్త మొగుడు, అలా వెళ్ళి తిరిగి రాని మనిషే. ఆయన పడవ చెక్క కూడా దొరకలేదు. ఆవిడ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు. నాటకం మానేస్తే తప్ప పొయ్యి వెలిగించనని కూర్చుంది. నేను మాననని కూర్చున్నాను. మా బావ మా ఇద్దరి మధ్య ఆకలితో కూర్చున్నాడు.

ఆకలే రాజీ కుదిర్చింది. బావ ఒడ్డు మీద ఉన్నరోజునే నాటకం ఆడాలి. బొట్టు చెరిపేటప్పుడు అతను నా కళ్ళెదురుగా, వేదిక పక్కన తెర చాటు వింగ్‌లో కూర్చొని ఉండాలి. ఆఖరి రంగంలో యువకుడు వేలు తగలకుండా పెట్టినట్టు నటించాలి, నిజం బొట్టు మాత్రం బావే, తన చేత్తోనే పెట్టాలి. ఇదీ మా అత్త తీర్పు. కుంకుమ భరిణె ఒకటి కొడుకు మొలలో దోపింది. "నువ్వు బతికుండి ఎదురుగా కూకున్నావంటే గంగమ్మకి తెలుస్తాది, ఇదంతా ఆటేనని" అంది. దర్శకుడు ముందు నవ్వాడు గానీ, వేరే నటి దొరకదని గుర్తొచ్చి నవ్వు ఆపేశాడు.

మా బావకి ఈ ఉద్యోగం బాగా నచ్చింది. వింగ్‌లో కూర్చోవడం, టీ తాగడం, పకోడీలు తినడం. పని అంతా నాటకంలో ఒక్క క్షణమే. మొదటి ప్రదర్శనలో అతనికి శ్రద్ధ మరీ ఎక్కువైపోయింది. బొట్టు చెరిపించుకొని నేను వింగ్‌లోకి రాగానే భరిణె తీసి నా నుదుటి మీద ఇంత పెద్ద బొట్టు పెట్టేశాడు. ఆ తర్వాతి రంగంలో నేను వైధవ్యం గురించి గుండెలు బాదుకుంటూ వేదిక మీదికి వెళ్ళాను. ముందు వరుసలో ఒక ఆవిడ "అయ్యో, అప్పుడే పెళ్ళైపోయిందా?" అంది. ఆరోజు నుంచి తెర పడేదాకా భరిణె తియ్యకూడదని దర్శకుడు మా బావకి గట్టిగా చెప్పాడు. "అలాగే బావా" అని మా బావ ఒప్పుకున్నాడు. అప్పటికే వాళ్ళిద్దరూ పకోడీల దగ్గర బావలైపోయారు.

ఆ నాటకాన్ని పరిషత్తు పోటీకి పంపారు. బయటి ఊళ్ళ నుంచి న్యాయనిర్ణేతలు వస్తున్నారు, హాలు నిండుతుంది అన్నారు. చుట్టుపక్కల సమాజాలన్నీ దిగుతున్నాయి. దర్శకుడు సింహాచలం వెళ్ళి మొక్కుకొని వచ్చాడు. ప్రదర్శన సాయంత్రం. బావ తెల్లవారుజామున వేటకి వెళ్ళాడు. మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు.

మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకి చేరుతున్నాయి. మా బావ పడవ వాటిలో లేదు. వచ్చినవాళ్ళని అడిగితే భీమిలి వైపు చూశామన్నారు కొందరు, అసలు చూడనే లేదన్నారు కొందరు. పొద్దు వాలే వేళకి దర్శకుడు రిక్షా పంపాడు.

అలాంటప్పుడు హాలుకి ఎలా వెళ్ళావని తర్వాత చాలామంది అడిగారు. పడవ ఆలస్యం కావడం మాకు కొత్త కాదు. కానీ అసలు సంగతి వేరు. నేను ఇంట్లో కూర్చుంటే పేటలో ఆడవాళ్ళంతా వచ్చి చుట్టూ చేరతారు. ఏమీ అనరు, ముక్కు చీదుతూ నా నుదుటి వంక చూస్తారు. ఆ చూపు నేను పడలేను. దానికంటే మేకప్ గది నయమనిపించింది. రిక్షా వాడిని ఆగమని ఇంకోసారి ఒడ్డు దాకా వెళ్ళి చూశాను, బావ పడవ జాడ లేదు. అయినా రిక్షా ఎక్కాను.

మేకప్ గదిలో నేను దర్శకుడితో చెప్పేశాను. "అతను రాలేదు. నేను బొట్టు చెరపను."

"అయ్య బాబోయ్, అదేంటి చెల్లెమ్మా! బొట్టు చెరపకపోతే నాటకమే లేదు కదా!" అన్నాడు.

"చెరిపితే మొగుడు లేడు" అన్నాను.

ఆయన బతిమాలాడు. పౌడరు ముద్ద చేసి బొట్టు మీద అద్దుదామన్నాడు, కింద బొట్టు బొట్టుగానే ఉంటుందన్నాడు. నేను ఆలోచిస్తున్నానో లేదో, గుమ్మంలో నుంచి "కప్పినా సెరిపినట్టే" అని వినిపించింది. మా అత్త. నెత్తిన గంప కూడా దించలేదు. ఒడ్డు మీద నిలబడి నిలబడి, నేను హాలుకి వెళ్ళానని తెలిసి పరుగెత్తుకొచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా గడ్డం పట్టుకొని ముఖం దీపం వైపు తిప్పి, బొట్టు ఉందో లేదో చూసుకుంది. నాకు ఆవిడని అంతకుముందు ఎప్పుడూ అంత భయపడుతుండగా చూసిన గుర్తు లేదు.

తర్వాత వింగ్‌లోకి వెళ్ళి, తన కొడుకు కూర్చునే చోట గంప దించుకొని కూర్చుంది. తెర లాగే మనిషిని పక్కకి జరగమని తాడు తన చేతిలోకి తీసుకుంది. "నీ నుదుటి మీద బొట్టు సెదిరిందా, తెర దించేత్తాను. ఎవడడ్డొత్తాడో సూత్తాను" అంది. ఎవరూ అడ్డు రాలేదు. తెర లాగే మనిషి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

గంట మోగింది. మొదటి రంగం బాగానే జరిగింది. తెర వెనక నుంచి ప్రాంప్టరు "వెళ్ళొస్తానే" అన్నప్పుడు మాత్రం నేను వేషం మరచి ఆ గొంతు వైపు తిరిగి చూశాను. పొద్దున్న బావ కూడా అదే మాట అన్నాడు. నేను నిద్రమత్తులో పలకలేదు.

రెండో రంగంలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళు ఇద్దరూ గుమాస్తాలే. చీరలు కట్టుకొని, మీసాలు తీయడం ఇష్టంలేక వాటి మీద పౌడరు దట్టించారు. నేను బొట్టు చెరపనివ్వనన్న సంగతి ఆ హడావిడిలో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. పాపం, వాళ్ళ పని వాళ్ళు శ్రద్ధగా చెయ్యడానికి వచ్చారు. ఒకడు నా చెయ్యి పట్టుకున్నాడు, ఇంకొకడు నుదుటి మీదికి చెయ్యి చాపాడు. నేను అరచేత్తో నుదురు గట్టిగా కప్పేసుకున్నాను. లాగాడు. నేను తోశాను. వాడి సవరం ఊడి నా చేతికి వచ్చింది. హాల్లో ఎవరో నవ్వబోయారు.

"ముట్టుకున్నారంటే మీ సేతులిరిసేత్తాను! ఎవరు సెప్పినారు మీకు ఆడు సచ్చిపోనాడని? ఎవరు సూసినారు? గంగ వొచ్చి మీకు సెప్పిందా?" అని అరిచాను. రాసిన డైలాగు ఒక్క ముక్క కూడా గుర్తులేదు. "ఆడొత్తాడు. ఆడొచ్చేదాకా ఇది ఇక్కడే ఉంటాది. మీరెల్లండి. మీ ఇళ్ళకి మీరెల్లండి!"

నవ్వబోయిన మనిషి నవ్వలేదు. బయట సముద్రపు హోరు వినిపించింది. గుమాస్తాలిద్దరూ నిజంగానే భయపడి, సవరం కూడా తీసుకోకుండా లోపలికి వెళ్ళిపోయారు. నేను అలాగే నుదుటి మీద చెయ్యి పెట్టుకొని వేదిక మధ్యలో కూలబడ్డాను. అది నటన అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆఖరి రంగం. ఆదర్శ యువకుడు ప్రవేశించాడు. ఆయనకి పాపం ఒకే ఒక్క ఉపన్యాసం వచ్చు, అది బోసి నుదుటి మీద. "బోసిపోయిన ఈ నుదుటిని చూడండి!" అని నా వైపు చెయ్యి చూపించాడు. జనం చూశారు. నా చెయ్యి కనిపించింది. ఆయన పెదాలు కదలకుండా "చెయ్యి తియ్యకు తల్లీ, చెయ్యి తియ్యకు" అని గొణిగాడు. ఉపన్యాసం అయ్యాక కుంకుమ పెట్టాలి. కుంకుమ పెట్టాలంటే చెయ్యి తియ్యాలి. చెయ్యి తీస్తే నాణెమంత బొట్టు కనిపిస్తుంది. ఇది అర్థమయ్యాక ఆయన ఉపన్యాసం ముగించడమే మానేశాడు. సమాజాన్ని కడిగాడు, మూఢాచారాలని కడిగాడు, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడాడు, ఇంకా ఏమీ దొరక్క మన ఊరికి రాబోతున్న ఉక్కు కర్మాగారం దాకా వెళ్ళాడు. "ఉక్కులాంటి యువత కావాలి!" అంటున్నాడు. చెమటకి మేకప్ కారి కాలరు ఎర్రబడింది. వేళ్ళ మధ్య పట్టుకున్న కుంకుమ కొంచెం కొంచెంగా నా ఒళ్ళో రాలుతోంది. పక్క నుంచి ప్రాంప్టరు "పెట్టండి, పెట్టెయ్యండి" అని అందరికీ వినిపించేలా అంటున్నాడు.

అప్పుడు హాలు వెనక తలుపు దగ్గర ఏదో గలాటా అయింది. జనం తలలు తిప్పారు.

మా బావ. మధ్య దారిలో నడుచుకొస్తున్నాడు. లుంగీ నుంచి నీళ్ళు కారుతున్నాయి, జుట్టు ఉప్పుతో అట్టకట్టింది, భుజాన చిరిగిన తెరచాప ముక్క వేలాడుతోంది. పడవ ఒడ్డుకి లాగనైనా లాగకుండా దూకి, అమ్మా పెళ్ళాం ఇద్దరూ హాల్లో ఉన్నారని తెలిసి అలాగే వచ్చేశాడు. వేదిక దగ్గరికి వచ్చి తల ఎత్తి చూశాడు. దర్శకుడు కుంకుమ పట్టుకొని నా నుదుటి దగ్గర చెయ్యి ఆడిస్తున్నాడు.

"ఒలే! అదేటి? ఆడెడతన్నాడేటి? నానొచ్చాను కదా!" అని ఒక్క గెంతులో వేదిక ఎక్కేశాడు. "నువ్వుండు బావా, పక్కకుండు" అని దర్శకుడిని జరిపాడు. మొలలోంచి భరిణె తీశాడు. కుంకుమ సముద్రపు నీళ్ళలో నాని ముద్దైపోయి ఉంది. నా చెయ్యి తీసి, ఉన్న బొట్టు మీదే ఇంకో పెద్ద బొట్టు పెట్టాడు. అది కారి ముక్కు చివర దాకా వచ్చింది.

నేను అతని తడి చొక్కా రెండు చేతులతో పట్టుకొని ఏడ్చాను. రాగం లేదు, గ్లిజరిన్ లేదు. ముక్కు కూడా కారింది. "పొద్దున్న పలకలేదు బావా, నిద్రమత్తులో ఉండిపోనాను" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాను. అతనికి ఏమీ అర్థం కాక, నన్ను ఊరుకోబెడుతూ "ఒల్లకో, ఒల్లకో, అందరూ సూత్తన్నారు" అన్నాడు. వింగ్‌లో మా అత్త కొడుకుని చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. చేతిలో తాడు వదిలేసింది. తెర పడిపోయింది.

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. తెర వెనక దర్శకుడు పెట్టె మీద కూర్చొని తల పట్టుకున్నాడు. "నా ఆదర్శం గంగలో కలిసిపోయింది. విధవా వివాహం నాటకంలో మొగుడు బతికొస్తే ఇంకేముందమ్మా" అని వాపోయాడు. కాసేపటికి న్యాయనిర్ణేతలు ఫలితాలు చదివారు. ఉత్తమ రచన ఆయనకే వచ్చింది. ఎవరూ ఊహించని ముగింపు అని మెచ్చుకున్నారు. మాటల్లోనే చనిపోయాడనిపించిన భర్తని ప్రేక్షకుల మధ్య నుంచి రప్పించడం గొప్ప ప్రయోగమన్నారు. మా బావకి ప్రత్యేక బహుమతి ఇచ్చారు, చేపల వాసన దాకా వెళ్ళడం మాత్రం కొంచెం అతి అయిందన్నారు. నాకు ఏమీ రాలేదు. ముఖ్యమైన ఘట్టంలో యాస దొర్లిందట.

దర్శకుడు వేదిక మీదికి వెళ్ళి, ఆ ముగింపు తనకి ఎలా తట్టిందో వివరంగా చెప్పాడు. మా బావ ఆరోజు నుంచి నటుడైపోయాడు. ఒడ్డు మీద వల బాగుచేసుకుంటూ "నాది సహజ నటన" అని తోటివాళ్ళతో చెప్పేవాడు. తర్వాతి ప్రదర్శనకి శుభ్రంగా తల దువ్వుకొని, బకెట్టు నీళ్ళు నెత్తిన పోసుకొని, మెల్లగా, ఇటూ అటూ తెలిసినవాళ్ళకి తల ఊపుతూ వచ్చాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. నేను ఏడవడానికి జండూబామ్ రాసుకోవలసి వచ్చింది. దాంతో దర్శకుడు తన ఆదర్శ యువకుడిని మళ్ళీ తెచ్చుకున్నాడు, నేను మళ్ళీ బొట్టు చెరుపుకోవలసి వచ్చింది.

ఆ సంగతి మా అత్తతో ఎలా చెప్పాలా అని నేను భయపడనక్కర్లేకపోయింది. పోటీ అయిన మర్నాడు పొద్దున్నే ఆవిడ గుమ్మంలో కూర్చొని చేపలు శుభ్రం చేస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. నాటకాలు మానెయ్యమంటుందని ఎదురుచూస్తున్నాను. మానెయ్యమంటే మానేద్దామనే అనుకున్నాను.

ఆవిడ నా వంక చూడకుండా అంది. "మీ మావ పోయినప్పుడు నానూ అలాగే సెయ్యడ్డెట్టుకున్నానే. ఆడొత్తాడు, ఆగండని నానూ అరిసినాను. ఎవలూ ఇన్లేదు. నలుగురు అట్టుకుని సెరిపేసినారు. అంతే."

ఆవిడ చేప పొట్ట కోసి పేగులు కాకులకి విసిరింది.

"నాటకాలు మానేత్తాన్లే అత్తా" అన్నాను.

"మానడం దేనికే?" అని కసిరింది. "సెరుపుకో. ఆడు గంగ మీదున్నా సెరుపుకో. అక్కడ నాటకంలో సెరిపినా మళ్ళీ ఎట్టుకోవచ్చు కదే."

ఇదీ నేను ఆరోజు ఇష్టాగోష్ఠిలో మైకులో చెప్దామనుకున్న జవాబు. చెప్పి ఉంటే లెక్చరరు గారు దీనికి కూడా "అంతేనంటారా" అనేవాడేమో.

ఆ తర్వాత మా బావకి వింగ్‌లో పని పోయింది. అతని చోట్లో మా అత్తే కూర్చునేది. పకోడీలు ముట్టేది కాదు, టీ మాత్రం తాగేది. బొట్టు చెరిపే రంగం వచ్చినప్పుడు ముఖం పక్కకి తిప్పుకునేది. తెర పడగానే భరిణె నా చేతిలో పెట్టేది. తను బొట్టు పెట్టకూడదట, ఎంత చెప్పినా వినేది కాదు. అద్దం మాత్రం తనే పట్టుకునేది. వంకరగా పెట్టుకుంటే తుడిచి మళ్ళీ పెట్టుకోమనేది.